మే నెల ఎండలో నిలిచే వేగం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఇల్లు కట్టదలచినవారు ఇప్పుడు పునాదికి ముగ్గు పోయకముందే ఎలివేషన్ బొమ్మ అడుగుతున్నారు. ఒకప్పుడు మేస్త్రి నేల మీద పుల్లతో గీసి చూపిస్తే సరిపోయేది. తర్వాత బ్లూప్రింటు వచ్చింది. ఇప్పుడు సాయంత్రపు వెలుగు పడిన గోడ, బాల్కనీలో పూలకుండీ, గేటు ముందు కారు, అన్నీ ఇల్లు లేవకముందే ఫోనులో కనబడాలి. ఆ బొమ్మలు తీయడమే నా వృత్తి. పెంటియం 4 మిషను మీద ఆటోక్యాడ్‌తో మొదలుపెట్టి త్రీడీఎస్ మ్యాక్స్, వి-రే, కొరోనా దాకా నడిచి వచ్చాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "సార్, ఏ ప్రాసెసర్ తీసుకోమంటారు?" ఒక పేరు చెప్పి పంపడం సులువే. కానీ ఆ పేరు రెండేళ్లకు పాతబడుతుంది. ఎలా చూసి ఎంచుకోవాలో తెలిస్తే అది పాతబడదు. నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు నీ పని ఎక్కడ ఆగుతోందో చూడు.

కొనే ముందు ఒక పూట పాత మిషను ముందే కూర్చుని, ఎక్కడెక్కడ చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నావో కాగితం మీద రాసుకో. టాస్క్ మేనేజర్ తెరిచి, కోర్లను విడివిడిగా చూపించే గ్రాఫు పక్కన పెట్టుకో. స్కెచప్‌లో మోడల్ తిప్పుతున్నప్పుడు ఒక కోరే కష్టపడుతుంది, మిగతావి ఊరికే ఉంటాయి. నీ రోజంతా అక్కడే పోతుంటే నీకు కావలసింది ఒక్కో కోరు చురుకుదనం; ఆరో ఎనిమిదో కోర్లు చాలు. రెండర్ బటన్ నొక్కాక కోర్లన్నీ నూటికి నూరు చేరి రాత్రంతా అలాగే నిలబడుతుంటే అప్పుడు కోర్ల సంఖ్య గురించి ఆలోచించు.

ఇంకో మాట. ఏ సాఫ్ట్‌వేర్ దేనితో పని చేస్తుందో తెలియకుండా డబ్బు కట్టకు. కొరోనా పూర్తిగా ప్రాసెసర్ మీదే రెండర్ చేస్తుంది. వి-రే, బ్లెండర్‌లోని సైకిల్స్ రెండు దారుల్లోనూ నడుస్తాయి. లూమియన్, ఎన్‌స్కేప్, డీ5 లాంటివి గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడినవి. ఎమ్మిగనూరు కుర్రవాడు ఒకడు ఇంట్లో అప్పు చేయించి పదహారు కోర్ల మిషను కట్టించుకున్నాడు. అతడు చేసేదంతా లూమియన్ పని. గ్రాఫిక్స్ కార్డు మాత్రం మిగిలిన డబ్బుతో కొన్న చిన్నది. నాలుగు చెట్లు ఎక్కువ పెడితే కార్డు మెమరీ నిండిపోయేది, ప్రాసెసర్ చల్లగా ఖాళీగా ఉండేది. కొనకముందు నన్ను అడిగే ఉన్నాడు. నేను ఏదో హడావుడిలో ఉండి "కోర్లు ఎక్కువుంటే మంచిదే" అని ఒక ముక్క చెప్పి ఫోను పెట్టేశాను. నువ్వు ఏ సాఫ్ట్‌వేర్ వాడతావని అడిగి ఉంటే అతడి డబ్బు సరైన చోటికి వెళ్లేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరు అడిగినా ముందు ఆ ప్రశ్నే వేస్తున్నాను.

2. గిగాహెర్ట్జ్ అంకె వేగం కాదు.

మా తొలి రోజుల్లో అంకె పెరిగితే మిషను పెరిగినట్టే అనుకునేవాళ్లం. 2004 చివరికి పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్ చేరింది. 4 గిగాహెర్ట్జ్ చిప్పు తెస్తామన్న ఇంటెల్, వేడిని అదుపు చేయలేక అదే ఏడాది ఆ ప్రయత్నం మానుకుంది. రెండేళ్లు తిరక్కుండానే 2006లో కోర్ 2 డ్యుయో వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో ముందు 3.8 పెంటియం నిలబడలేకపోయింది. ఒక్కో టిక్కులో ఎంత పని జరుగుతుందన్నదే అసలు లెక్క అని ఆ రోజుల్లో మాకు అర్థమైంది.

ఆ పాఠం ఇప్పుడు కోర్ల విషయంలో మళ్లీ అవసరమవుతోంది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో పాత సర్వర్ల నుంచి తీసిన జీయాన్ చిప్పులు చవకగా దొరుకుతాయి. జీయాన్ ఈ5-2680 వీ4లో పద్నాలుగు కోర్లు ఉంటాయి. ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అది 2016 నాటి చిప్పు. ఎనిమిది కోర్ల కొత్త రైజెన్ రెండరింగులో దానికి తీసిపోదు, మోడలింగ్ దగ్గర దాన్ని ఎక్కడో వెనక వదిలేస్తుంది. ఆ జీయాన్‌కు దొరికే మదర్‌బోర్డు పేరూ ఊరూ లేనిది; పాడైతే బాగుచేసేవాడు ఆదోనిలో లేడు. చేతిలో డబ్బు బొత్తిగా లేని పిల్లవాడు రాత్రిపూట రెండర్ చేయడానికి మాత్రమే రెండో మిషనుగా కొంటే నేను కాదనను. కూర్చుని పని చేసే మిషనుగా మాత్రం వద్దు.

అన్ని కోర్లూ ఒకటి కావని కూడా తెలుసుకో. 2021 చివర్లో పన్నెండో తరం నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి పెడుతోంది. ఐ9-14900కెలో ఇరవై నాలుగు కోర్లని రాసి ఉంటుంది. వాటిలో పెద్దవి ఎనిమిదే. రైజెన్ 9 9950ఎక్స్‌లో పదహారు, అన్నీ పెద్దవే. రెండరింగులో చిన్న కోర్లూ బాగానే ఆదుకుంటాయి. కాకపోతే ఇరవై నాలుగును పదహారుతో నేరుగా పోల్చి కొనవద్దు.

3. పంచుకోగలిగిన పనినే కోర్లు పంచుకుంటాయి.

మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఉన్న ఊరు ఎమ్మిగనూరు. అక్కడివారికి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పడుగు సిద్ధం కానిదే మగ్గం ఆడదు. పడుగు తోడేవారు ఒక్కరే అయితే, మగ్గాలు పది నుంచి ఇరవై చేసినా అందరూ ఆ ఒక్కరి కోసమే కాచుకుని ఉంటారు. రెండరింగులో కూడా సీను లోడు కావడం, టెక్స్‌చర్లు డిస్కు నుంచి రావడం, చెట్ల జ్యామితి సిద్ధం కావడం లాంటివి అన్ని కోర్లకూ సమంగా పంచడానికి కుదరవు. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ నిపుణుడు 1967లోనే దీనికి లెక్క కట్టాడు. పనిలో పదో వంతు పంచుకోలేనిది ఉంటే పదహారు కోర్లు పెట్టినా వేగం పదహారు రెట్లు కాదు, 6.4 రెట్లే పెరుగుతుంది. కోర్లు ఎన్ని పెట్టినా పది రెట్లు దాటదు.

ఒక పెద్ద స్టిల్ బొమ్మ రెండు గంటలు రెండర్ అవుతుంటే అందులో సిద్ధం చేసుకునే సమయం లెక్కలోకి రాదు, కోర్లు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. వాక్‌త్రూ దగ్గర అలా కాదు. ఒక్కో ఫ్రేము నిమిషంలో అయిపోతుంటే, ఆ నిమిషంలో ఇరవై సెకన్లు లోడు కావడానికే పోవచ్చు. అలాంటి పనికి పదహారు కోర్ల మిషను ఒకటి కొనేకంటే ఎనిమిది కోర్లవి రెండు పెట్టి, సరి ఫ్రేములు ఒకదానికి, బేసి ఫ్రేములు ఇంకొకదానికి ఇస్తే ముందు ముగుస్తుంది. రెండో మిషనుకు రెండర్ లైసెన్సు ఖర్చు ఎంతో ముందే కనుక్కో. ఇది తెలియని రోజుల్లో నేను కొత్త మిషను కొన్న ప్రతిసారీ పాతది ఎక్స్చేంజికి ఇచ్చేసేవాణ్ణి. అంగడివాడు ఇచ్చే నాలుగు డబ్బుల కోసం, రాత్రిళ్లు పనిచేసిపెట్టే మిషనును పోగొట్టుకున్నాను.

4. పెట్టె మీది వేగం వేరు, మే నెల వేగం వేరు.

ఈ పాఠం మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. పరీక్షలు చేసి అంకెలు ప్రకటించేవారు చల్లని గదుల్లో కూర్చుని చేస్తారు. మన ఊళ్లో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలు. కూలర్ ఎంత మంచిదైనా చిప్పును గది వేడికి కిందికి దించలేదు. గది 25 నుంచి 40కి పోతే చిప్పు కూడా సుమారుగా అంతే పైకి పోతుంది. రైజెన్ 7000 చిప్పులు 95 డిగ్రీల దగ్గర, ఇంటెల్ పెద్ద చిప్పులు 100 దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అలా తగ్గినప్పుడు నువ్వు ఎక్కువ డబ్బు పెట్టి కొన్న పెద్ద చిప్పు, పక్కింటివాడి చిన్న చిప్పు చేసే పనే చేస్తుంది.

వాట్ల లెక్క జాగ్రత్తగా చదువు. ఐ9-14900కె మీద 125 వాట్లని ఉంటుంది. పూర్తి వేగంలో 253 దాకా తీసుకుంటుంది. రైజెన్ 9 7950ఎక్స్ మీద 170 అని ఉంటుంది. 230 దాకా పోతుంది. ఆటలాడేవాడికి ఈ భారం అప్పుడప్పుడే. మనకు రాత్రంతా ఇదే. అందుకే నేను బయోస్‌లో ఎకో మోడ్ పెట్టి 105 వాట్ల తరగతిలో నడుపుతాను. రెండర్ సమయం కాస్త పెరుగుతుంది గానీ వేడి, ఫ్యాను రొద, కరెంటు బిల్లు చాలా తగ్గుతాయి. మొదట్లో నాకూ మనసొప్పలేదు. కొన్న వేగాన్ని ఎందుకు వదులుకోవాలనిపించింది. మధ్యాహ్నం మూడు గంటలకు, గది ఉడికిపోతున్నప్పుడు, రెండు విధాలా ఒకే సీను రెండర్ చేసి చూశాక ఆ మాట మళ్లీ అనలేదు.

బెంచ్‌మార్కు చూసేటప్పుడు అది ఎంతసేపు నడిచిందో చూడు. సినీబెంచ్ ఆర్20 ఒక్కసారి నడిచి అంకె ఇచ్చేసేది. 2020లో వచ్చిన ఆర్23 మామూలుగానే పది నిమిషాలు నడుస్తుంది. వేడెక్కిన తర్వాత ఎంత నిలబడిందో అందులో తెలుస్తుంది. నేనైతే మిషను కొన్నాక నా సొంత సీనునే అరగంట నడిపి, మొదటి ఐదు నిమిషాల్లో క్లాకు ఎంతుందో, చివర ఎంతుందో రాసుకుంటాను. లాప్‌టాప్ కొనేవారికి ఇది మరీ ముఖ్యం. ఐ9 అన్న పేరు రెండింటి మీదా ఉన్నా, డెస్క్‌టాప్ 13900కెకు మూల అంకె 125 వాట్లు, లాప్‌టాప్ 13980హెచ్ఎక్స్‌కు 55.

ఆదోనిలో వేడికి తోడు పత్తి ఉంది. మార్కెట్ యార్డుకు పత్తి బండ్లు వచ్చే నెలల్లో, జిన్నింగ్ మిల్లుల దగ్గర గాలిలోనే నూగు తేలుతుంటుంది. అది హీట్‌సింక్ రెక్కల మధ్య దూరి దుప్పటిలా పరుచుకుంటుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం పోదు. సీజన్‌లో నెలకొకసారి బ్లోయర్‌తో ఊది శుభ్రం చెయ్యి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకో, లేకపోతే ఆ గాలికి విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది. గడ్డి మ్యాట్ల ఎయిర్ కూలర్ గాలి మిషను మీదికి నేరుగా తగలనీయకు. మన నీళ్లు ఉప్పు నీళ్లు, తేమతో పాటు ఆ ఉప్పూ చేరుతుంది. నీటితో చల్లబరిచే పరికరాలు చూడ్డానికి బాగుంటాయి, పని కూడా చేస్తాయి. కానీ పంపు ఆగిపోతే విడి భాగం బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో రావాలి. పెద్ద టవర్ ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాను ఒక్కటే. ఫ్యాను మన ఊళ్లో దొరుకుతుంది. ఇక్కడ పని చేసుకునేవాడికి నా సలహా అదే.

5. కరెంటు పోతుందనుకునే పని మొదలుపెట్టు.

ముప్పై సెకన్ల వాక్‌త్రూ అంటే సెకనుకు 25 చొప్పున 750 ఫ్రేములు. ఫ్రేముకు ఆరు నిమిషాలు పడితే 75 గంటలు, అంటే మూడు పగళ్లు, మూడు రాత్రులు దాటి. అంతసేపు కరెంటు పోకుండా ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అందుకే నేరుగా ఎంపీ4 వీడియోగా రెండర్ చేయవద్దు. మధ్యలో ఆగితే ఆ ఫైలు పనికిరాదు. ఫ్రేములను విడివిడి బొమ్మలుగా సేవ్ చేసుకుంటే ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ప్రాసెసర్ ఎంపికతో దీనికేం సంబంధం అంటావేమో. అంగళ్లలో ఎక్కువగా అమ్మే 600 వీఏ యూపీఎస్ చాలా వాటిలో 360 వాట్ల దాకానే ఇస్తుంది. 253 వాట్ల చిప్పు, దాని పక్కన ఒక గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిస్తే కరెంటు పోయిన క్షణానే అది చేతులెత్తేస్తుంది. పెద్ద చిప్పు ధరలో పెద్ద యూపీఎస్ ధర, మంచి పవర్ సప్లై ధర కలిపి చూడు. అప్పుడు చిన్న చిప్పే సరైన ఎంపిక అని తేలవచ్చు.

6. ర్యామ్ చాలకపోతే కోర్లు ఊరికే కూర్చుంటాయి.

పదహారు కోర్ల చిప్పుకు 16 జీబీ ర్యామ్ పెట్టి ఇచ్చే అంగళ్లు ఉన్నాయి. తోట నిండా చెట్లున్న సీను తెరిస్తే మెమరీ నిండి పని డిస్కు మీదికి పోతుంది, రెండర్ నత్తనడక నడుస్తుంది. 64 జీబీ పెట్టుకో. డీడీఆర్5 అయితే రెండు కర్రలుగానే కొను. 7950ఎక్స్‌కు రెండు కర్రలతో అధికారిక వేగం 5200 అయితే, నాలుగు పెడితే 3600కి పడిపోతుంది.

7. వేగం కొనేది బొమ్మను మళ్లీ చూసుకోవడానికి.

నా మిషన్లు నెమ్మదిగా ఉన్న కాలంలో, రాత్రి పెట్టిన రెండర్ పొద్దున ఎలా వస్తే అలా పార్టీకి ఇచ్చేసేవాణ్ణి. రెండోసారి చేసే వ్యవధి ఉండేది కాదు. సాయంత్రం ఆరు గంటల వెలుగు ఏ ఇంటికైనా అందమిస్తుంది కాబట్టి ఎప్పుడూ ఆ వెలుగే పెట్టేవాణ్ణి. ఆదోనిలో ఒక పడమటి ముఖం ఇంటికి ముందంతా అద్దం పెట్టి అలాగే చూపించాను. ఇంటివారు బొమ్మ చూసి మురిసిపోయి, అచ్చంగా అలాగే కట్టించుకున్నారు. మొదటి ఎండాకాలమే ఆ హాలులో మధ్యాహ్నం ఎవరూ కూర్చోలేకపోయారు. అద్దం మొత్తానికి పచ్చ నెట్టు కట్టేశారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆ నెట్టు చూస్తాను. మే నెల మూడు గంటల సూర్యుణ్ణి పెట్టి ఒక్క బొమ్మ తీసి ఉంటే, ఎండ ఎంత లోపలికి వస్తుందో ముందే కనబడేది. మా తాతలు కట్టిన మట్టి మిద్దెల్లో మందపు గోడలు, చిన్న కిటికీలు ఎందుకు పెట్టారో నేను గుర్తు చేసుకోవలసింది.

మిషను మారాక పని తీరు మారింది. ఎమ్మిగనూరులో ఒక నేతవారి ఇంటికి బొమ్మలు చేశాను. కొడుకు హాలు, సోఫా, టీవీ గోడ చూసి బాగుందన్నాడు. వాళ్ల నాన్న ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, "అంతా బాగుందిలే గానీ, మగ్గం గుంత యాడుందప్పా?" అన్నాడు. కొడుకు మాట్లాడలేదు. పాత రోజులైతే "కట్టేటప్పుడు చూసుకుందాం లెండి" అనేవాణ్ణి. ఆ రాత్రే వెనక గది పెంచి, గుంట మగ్గానికి చోటు వదిలి, ఉదయపు వెలుతురు ఉత్తరపు కిటికీలోంచి నూలు మీద పడేలా మళ్లీ రెండర్ చేశాను. తెల్లవారి ఆ పెద్దాయన బొమ్మ చూసి, కిటికీ ఇంకో జానెడు కిందికి దించమన్నాడు. మధ్యాహ్నానికి అదీ చేసి పంపాను. ఇల్లు ఆ బొమ్మ ప్రకారమే కట్టారు.

అందుకే, నాయనా, బొమ్మలు ఎన్ని ఎక్కువ చేయగలనని లెక్కలేసుకుని ప్రాసెసర్ కొనవద్దు. ఒక్కో బొమ్మను ఎన్నిసార్లు సరిచూసుకోగలనని చూసుకుని కొను. నీకిచ్చే ఫీజు మూడు వేలే కావచ్చు. ఆ బొమ్మను నమ్మి వాళ్లు పెట్టేది జీవితమంతా కూడబెట్టిన సొమ్ము.

8. చిప్పుతో పాటు సాకెట్టునూ బిల్లునూ కొంటున్నావని గుర్తుంచుకో.

ఏఎమ్‌డీ 2017లో తెచ్చిన తొలి రైజెన్ నుంచి 5000 సిరీస్ దాకా ఏఎమ్4 సాకెట్టే నడిచింది. అప్పుడు ఎనిమిది కోర్లతో మొదలుపెట్టినవాడు, బయోస్ మార్చుకుని, చాలా బోర్డుల్లో అదే చోట పదహారు కోర్ల 5950ఎక్స్ పెట్టుకోగలిగాడు. కొంచెం కొంచెంగా పెరిగే మనలాంటివారికి అది పెద్ద మేలు. ఇప్పుడు కొత్తగా కొంటే ఏఎమ్5 మీద మధ్యరకం చిప్పుతో మొదలుపెట్టి, రెండేళ్ల తర్వాత పని పెరిగాక పెద్దది పెట్టుకోవచ్చు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 బోర్డు 14వ తరంతో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన కోర్ అల్ట్రా 9 285కెకు బోర్డు వేరు.

ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పులు సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. వాటిలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజి వల్ల క్రమంగా దెబ్బతిని, భారీ పనుల మధ్యలో ఆగిపోతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ ఇకముందు జరిగే నష్టాన్ని ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగుచేయదు. కొత్తది కొన్నా సరే, మొదటి రెండర్ పెట్టేలోపే బయోస్ అప్‌డేట్ చేయించు. పాతది కొంటుంటే అమ్మేవాడి ముందే నీ సీనును గంటసేపు నడిపి చూడు, ఒప్పుకోకపోతే వదిలేయ్.

బిల్లు మీద చిప్పు సీరియల్ నంబరు రాయించుకో. పెట్టె లేకుండా విడిగా వచ్చే ట్రే చిప్పా, బాక్సు చిప్పా అడుగు. ట్రే అయితే వారంటీ ఎవరిదో అదే కాగితం మీద రాయించు. బాక్సుదైతే ఆ పెట్టెను వారంటీ ముగిసేదాకా పారేయకు.